పాట కట్టినవారి పేరు

కోఠిలో, ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ ఆవరణలో, చాకలి ఐలమ్మ పేరు ధరించిన మహిళా విశ్వవిద్యాలయం నుంచి పట్టాలు అందుకుంటున్న విద్యార్థినుల ముందు ఒక రాక్ బృందపు తొలి ఆల్బం ప్రస్తావన విడ్డూరంగా తోచవచ్చు. అయితే తొలి రచన ఎవరెవరికి రుణపడి ఉంటుందో ఆ ఆల్బం చరిత్ర సూటిగా చూపుతుంది.

అమెరికా దక్షిణాది పత్తి పొలాల్లో చాకిరీ చేసిన నల్లజాతివారి గొంతులో పుట్టి, ఒక పాదాన్ని రెండుసార్లు పాడి మూడో పాదంతో దానికి జవాబు చెప్పే గానరీతి బ్లూస్. 1960లలో ఇంగ్లండు యువకులు దానికి ఎలక్ట్రిక్ గిటార్ల హోరును, డ్రమ్ముల ఉరుమును జతచేయగా బ్లూస్ రాక్ రూపుదిద్దుకుంది. లెడ్ జెప్పెలిన్ బృందం 1968లో లండన్ ఒలింపిక్ స్టూడియోలో దాదాపు 36 గంటల్లో రికార్డు చేసి, 1969 జనవరిలో విడుదల చేసిన తొలి ఆల్బం ఆ ధోరణికి గట్టి నమూనా. అందులో రెండు పాటలకు షికాగో బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ పేరు సక్రమంగానే ఉంది.

‘బేబ్ ఐయామ్ గోనా లీవ్ యూ’ విషయంలో మాత్రం అలా జరగలేదు. 1950ల చివర బర్కిలీలో చదువుకుంటున్న ఆన్ బ్రెడన్ అనే విద్యార్థిని కట్టిన ఆ పాట నోటి నుంచి నోటికి పాకి గాయని జోన్ బాయెజ్‌ను చేరగా, బాయెజ్ 1962 ఆల్బంలో అది సంప్రదాయ గీతంగా అచ్చయింది. లెడ్ జెప్పెలిన్ ఆల్బం కూడా దానిని సంప్రదాయ గీతమనే పేర్కొని, కూర్పు మాత్రం గిటారిస్టు జిమ్మీ పేజ్‌దని రాసుకుంది. నెమ్మదైన గిటార్ మీటుతో మొదలై ఒక్కసారిగా విరుచుకుపడే ఆ పాటలో పేజ్ ప్రతిభ, రాబర్ట్ ప్లాంట్ గాత్రబలం నిస్సందేహమైనవి, రుణం ఒప్పుకున్నంత మాత్రాన తరిగేవి కావు. లెడ్ జెప్పెలిన్ తన పాట పాడిన సంగతి 1980లలో గానీ బ్రెడన్‌కు తెలియలేదు. 1990 నుంచి ఆమె పేరు పేజ్, ప్లాంట్‌ల పేర్ల సరసన చేరింది, ఆమెకు రావలసిన రాయల్టీలో కొంత ముట్టింది.

ఇలా రుణం ఒప్పుకునే పద్ధతి మన కావ్యాలకు కొత్త కాదు. కావ్యారంభంలో ఉండే పీఠికను అవతారిక అంటారు. అందులో పూర్వకవులకు మొక్కిన తర్వాతే సొంత కథ ఎత్తుకోవడం తెలుగు కవుల ఆనవాయితీ. అక్షరం రాసిన కవులకు దక్కిన ఆ మర్యాద నాట్లు వేస్తూ పాడిన స్త్రీలకు, బతుకమ్మ పాటలు అల్లిన స్త్రీలకు దక్కకపోవడం అన్యాయం. రేపు పల్లెలకు వెళ్లి పాటలు సేకరించబోయే పట్టభద్రులు ప్రతి పాట పక్కన పాడినామె పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చిందో తప్పక రాసుకోవాలని, ఆమె అనుమతి లేనిదే దానిని అచ్చుకు గానీ సినిమాకు గానీ ఇవ్వరాదని విజ్ఞప్తి.