గడ్డకట్టే చలిలో గాలి విద్యుత్తు

(బిలాస్‌పూర్‌లోని తెలిపారాలో తెలుగు శ్రోతల నుద్దేశించిన ప్రసంగ పాఠం)



తెలిపారా అనే పేరులోనే దీపం ఉన్నది. తేలీ అంటే గానుగ ఆడి నూనె తీసేవాడు. పారా అంటే ఛత్తీస్‌గఢీ వాడుకలో పేట. నూనె దీపాల కాలంలో ఎవరి ప్రమిద వారిది, ఎవరి నూనె వారిది. ఒక ఇంట నూనె నిండుకుంటే ఆ ఇల్లు మాత్రమే చీకటిలో మునిగేది; పొరుగింటి దీపం యథాప్రకారం వెలిగేది. నేడు పరిస్థితి అది కాదు. ఈ వీధిలో వెలిగే బల్బుకు శక్తినిస్తున్నది సీపత్‌లో మండిన బొగ్గా, తమిళనాడులో తిరిగిన గాలిమర రెక్కా అని విడదీసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. లేహ్ నుండి కన్యాకుమారి వరకు విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాల ఒకే లయతో నడుస్తున్నది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజులలో ఆంధ్ర తీరం నుండి పొట్ట చేతపట్టుకుని వచ్చిన తెలుగు కుటుంబాలకు బిలాస్‌పూర్ సొంత ఊరైంది. ఈ ఊరి జీవనాధారం రైలు. ఆ రైలు మోసే సరుకులో ప్రధానమైనది బొగ్గు. కోర్బా గనుల నుండి బయలుదేరిన బొగ్గు బండ్లు రేయింబవళ్లు ఈ జంక్షన్ మీదుగా సాగిపోతుంటాయి. జిల్లాలోనే ఉన్న సీపత్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 2,980 మెగావాట్లు. కనుక ఇక్కడివారికి బొగ్గు మీద నమ్మకం ఉండటం సహజం. "బొగ్గు ఎప్పుడు మండించినా మండుతుంది, గాలి వీచినప్పుడే వీస్తుంది. ఎముకలు కొరికే చలి వచ్చిందంటే గాలిమరలు గడ్డకట్టి నిలిచిపోతాయి" అనే మాట తరచు వినవస్తుంది. ఈ మాటలో నిజమెంత? దీనిని పరీక్షించడానికి అనువైన ఉదాహరణ అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం. డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగరాల చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో నివసిస్తున్నందున ఆ రాష్ట్రం తెలుగువారికి పరాయిది కాదు.

2021 ఫిబ్రవరి నడుమ ఉత్తర ధ్రువ ప్రాంతపు శీతల వాయువులు టెక్సాస్‌ను ముంచెత్తాయి. ఎండలకు అలవాటుపడిన ఆ రాష్ట్రంలో ఉష్ణోగ్రత రోజుల తరబడి నీరు గడ్డకట్టే స్థాయికి దిగువనే నిలిచింది. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున విద్యుత్ కేంద్రాలు ఒకదాని వెనుక ఒకటి ఆగిపోసాగాయి. అమెరికాలో సెకనుకు 60 ఆవర్తనాలు ఉండవలసిన విద్యుత్తు 59.4కు దిగువన నాలుగు నిమిషాలకు పైగా ఉండిపోయింది. అదే స్థితి తొమ్మిది నిమిషాలు సాగితే మరెన్నో జనరేటర్లు తమంత తామే విడిపోయి, రాష్ట్రమంతా చీకటి అయ్యేది. ఆ గండాన్ని తప్పించడానికి అధికారులు 20,000 మెగావాట్ల వరకు సరఫరాను తామే తెగ్గోశారు. 45 లక్షల మందికి పైగా ప్రజలు కరెంటు కోల్పోయారు. కొందరికి రోజుల పాటు తిరిగి రాలేదు. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం ఆ చలి విపత్తులో 246 మంది మరణించారు. ఒళ్లు చల్లబడి పోయినవారు కొందరు. వెచ్చదనం కోసం మూసిన గదులలో ఇంధనం మండించి విషవాయువుకు బలైనవారు కొందరు.

నింద మొదట గాలిమరల మీద పడింది. వాటిలో అనేకం నిలిచిపోయిన మాట వాస్తవమే. అయితే సమాఖ్య ప్రభుత్వ సంస్థలు జరిపిన విచారణలో తేలిన లెక్క వేరు. టెక్సాస్‌లోను, దాని పొరుగు రాష్ట్రాలలోను కలిపి 1,045 విద్యుదుత్పత్తి యూనిట్లు దెబ్బతినగా, వాటిలో 58 శాతం సహజవాయువుతో నడిచేవి. 27 శాతం గాలిమరలు. 6 శాతం బొగ్గువి. అణువిద్యుత్ కేంద్రంలో సైతం నీటి ఒత్తిడిని కొలిచే సన్నని గొట్టం గడ్డకట్టి ఒక యూనిట్ ఆగిపోయింది. వాయువు బావుల వద్ద తేమ గడ్డకట్టి ఇంధనం తగ్గింది. సరఫరా కోతలలో వాయువును నెట్టే పంపులకే కరెంటు పోయింది. ఇంధనం లేక విద్యుత్ కేంద్రాలు మరికొన్ని ఆగాయి. కరెంటు లేక వాయువు లేదు, వాయువు లేక కరెంటు లేదు. చలి ముందు ఏ ఇంధనమూ అజేయం కాదని దీని భావం.

మరి గాలిమర చలికి ఎందుకు ఆగుతుంది? చల్లని గాలి సాంద్రత ఎక్కువ. 15 డిగ్రీల గాలితో పోలిస్తే సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉన్న గాలి బరువు 13 శాతం పైగా అధికం. అంటే అదే వేగంతో వీచినా రెక్కను మరింత బలంగా తోస్తుంది. ఈ విధంగా చలి గాలిమరకు మిత్రుడే. చిక్కు మంచుతో వస్తుంది. రెక్క అంచున మంచు పేరుకుంటే దాని ఆకృతి చెడి, గాలిని పట్టే శక్తి తగ్గుతుంది. బరువు సమతూకం తప్పి యంత్రం అదురుతుంది. కందెన నూనె చిక్కబడుతుంది. సాధారణ యంత్రాలను ప్రమాదం రాకముందే నిలిపివేయక తప్పదు. ఈ ఇబ్బందులకు విరుగుడు ఉన్నది. రెక్కల లోపల వేడి గాలి ప్రసరింపజేయడం, అంచుల వెంట వేడెక్కే పొరలు అమర్చడం, చలికి చిక్కబడని నూనెలు, చలికి పెళుసుబారని ఉక్కు వాడటం శీతల దేశాలలో పరిపాటి. ఇట్టి ఏర్పాట్లతో గాలిమరలు సున్నాకు 30 డిగ్రీల దిగువన కూడా తిరుగుతాయి. ఫిన్లాండ్, స్వీడన్, కెనడా దేశాలలో చలికాలంలో విద్యుత్తు నిస్తున్నవి ఇవే. టెక్సాస్‌లో అధిక భాగం యంత్రాలకు ఈ ఏర్పాట్లు లేవు. 2011లో ఒకసారి చలి దెబ్బ తిన్న తరువాత, యంత్రాలను శీతకాలానికి సిద్ధం చేయాలని నిపుణులు సూచించారు. ఆ సూచన కాగితం మీదనే మిగిలిపోయింది.

రెండవ కారణం ఏకాకితనం. టెక్సాస్ రాష్ట్రం తన గ్రిడ్‌ను అమెరికా తూర్పు, పశ్చిమ గ్రిడ్‌ల నుండి వేరుగా ఉంచుకున్నది. బయటి నుండి తెచ్చుకోగల విద్యుత్తు దాదాపు 1,220 మెగావాట్లకు పరిమితం. అదే రాష్ట్రపు పశ్చిమ కొసన ఉన్న ఎల్‌పాసో నగరం మాత్రం పశ్చిమ గ్రిడ్‌తో కలిసి ఉన్నది. 2011 అనుభవంతో తన కేంద్రాలను చలికి సిద్ధం చేసుకున్నది కూడా. అక్కడ కోతలు స్వల్పంగానే ముగిశాయి.

అయితే కలిసి ఉన్నంత మాత్రాన క్షేమమేనా? ఈ ప్రశ్నను మన దేశ చరిత్రే వేసింది. 2012 జూలై 30న ఉత్తర గ్రిడ్ కూలింది. మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు మూడూ కూలాయి. 60 కోట్లకు పైగా ప్రజలు నివసించే ప్రాంతాలు చీకటిలో మునిగాయి. ఛత్తీస్‌గఢ్ ఉన్న పశ్చిమ గ్రిడ్ నిలిచింది. దక్షిణాది అప్పటికి ఆ లయలో కలవలేదు కనుక తప్పించుకున్నది. బలహీనమైన తీగెల మీద మోయలేని భారం, తమ వాటాకు మించి తోడుకోవడం ఆ పతనానికి కారణాలుగా తేలాయి. పది మంది నీళ్లు తోడుకునే బావిలో ఒకరి దురాశ అందరికీ కరవు తెస్తుంది. అయినా దేశం బావిని పూడ్చుకోలేదు. తాళ్లను బలపరచి, కట్టుబాటును బిగించింది. 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణ గ్రిడ్ కూడా మిగిలిన దేశంతో ఒకే లయలో కలిసింది.

ఈ కలయికలో ఛత్తీస్‌గఢ్ పాత్ర గణనీయమైనది. 2003లో తూర్పు, పశ్చిమ గ్రిడ్‌లను ఒకటి చేసింది రూర్కెలా–రాయ్‌పూర్ లైను. ఇక్కడికి తూర్పున ఉన్న రాయ్‌గఢ్ నుండి తమిళనాడులోని పుగలూరు వరకు దాదాపు 1,765 కిలోమీటర్ల పొడవున 6,000 మెగావాట్లు మోయగల 800 కిలోవోల్టుల ఏకముఖ విద్యుత్ మార్గం 2020, 2021 సంవత్సరాలలో దశలవారీగా సిద్ధమైంది. ఇది రెండు దిశలలోనూ పనిచేయగలదు. దక్షిణాదికి లోటు వచ్చినప్పుడు ఇక్కడి బొగ్గు విద్యుత్తు అటు వెళ్తుంది. నైరుతి ఋతుపవన కాలంలో గాలిమరలు జోరుగా తిరిగినప్పుడు అక్కడి మిగులు ఇటు రాగలదు. బొగ్గునూ గాలినీ వైరులుగా చూసేవారు ఈ ఒక్క మార్గాన్ని గమనిస్తే చాలు.

మన దేశంలో గడ్డకట్టే చలికి చిరునామా లదాఖ్. అక్కడి ద్రాస్‌లో ఉష్ణోగ్రత సున్నాకు 30 డిగ్రీల దిగువకు జారే రాత్రులు ఉన్నాయి. శీతకాలంలో నదులలో నీరు తగ్గి జలవిద్యుత్తు క్షీణించేది. ఆసుపత్రికైనా, సైనిక శిబిరానికైనా డీజిలు జనరేటరే దిక్కయ్యేది. శ్రీనగర్ సమీపం నుండి జోజిలా కనుమ మీదుగా లేహ్ వరకు దాదాపు 335 కిలోమీటర్ల 220 కిలోవోల్టుల లైను 2019 ఫిబ్రవరిలో జాతికి అంకితమైంది. లదాఖ్ జాతీయ గ్రిడ్‌లో చేరింది. హిమపాతాలు విరుచుకుపడే లోయలలో ఆ స్తంభాలను నిలిపిన కార్మికుల శ్రమ స్మరణీయం.

ఇప్పుడు లదాఖ్ ఇచ్చే వంతు రానున్నది. సూర్యరశ్మి, గాలి కలిపి 13,000 మెగావాట్ల విద్యుత్తును పాంగ్ నుండి హర్యానాలోని కైథల్‌కు చేర్చే పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2023 అక్టోబరులో ఆమోదించింది. అందులో గాలి విద్యుత్తు వాటా 4,000 మెగావాట్లు. గాలి ఆగిన వేళకు, సూర్యుడు లేని రాత్రికి బ్యాటరీల నిల్వ కూడా పథకంలో భాగమే. అంత ఎత్తున గాలి పలుచన; సముద్ర మట్టపు గాలితో పోలిస్తే సాంద్రత మూడవ వంతుకు పైగా తక్కువ. దానికి చలి, దుమ్ము తోడు. కనుక అక్కడ నిలిపే ప్రతి యంత్రమూ ఆ వాతావరణానికి తగినదై ఉండాలి. ముందు కట్టి, దెబ్బ తిన్న తరువాత సవరించుకునే అలవాటు ఎంత ఖరీదైనదో టెక్సాస్ చూపింది.

ఈ విషయం బిలాస్‌పూర్ రైల్వే కుటుంబాలకు కొత్తగా చెప్పనవసరం లేదు. చలి ముదిరిన రాత్రులలో రైలు పట్టా కుదించుకుంటుంది. వెల్డింగు బలహీనంగా ఉన్నచోట పగులు వస్తుంది. అందుకే శీతకాలపు రాత్రులలో గస్తీ మనిషి టార్చి పట్టుకుని పట్టాల వెంట మైళ్ల కొద్దీ నడుస్తాడు. అనేక రాత్రులు అతనికి ఏ పగులూ కనిపించదు. ఆ నడక వృథా అని ఏ రైల్వే మనిషీ అనడు. ప్రమాదం జరగని రాత్రి వెనుక ఆ నడక ఉన్నదని ఈ ఊరికి తెలుసు. గాలిమరకైనా, బొగ్గు కేంద్రానికైనా, జోజిలా మీది తీగెకైనా కావలసింది ఆ జాగ్రత్తే.

గ్రిడ్‌లో ఎవరి దీపమూ ఎవరిదీ కాదు. కోర్బా బొగ్గు చెన్నైలో వెలుగుతుంది. తమిళనాడు గాలి తెలిపారాలో వెలుగుతుంది. రేపు లదాఖ్ గాలి హర్యానా పల్లెలో వెలగవచ్చు. ఆ వెలుగు గడ్డకట్టే చలిలోనూ నిలవాలంటే యంత్రం చలికి సిద్ధంగా ఉండాలి, పొరుగువానితో తీగె కలిసి ఉండాలి, ఎవరి వాటాకు వారు కట్టుబడి ఉండాలి.