మరుగుపడిన హత్యలు: గ్రంథమును, పాఠకుడును

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసపాఠము)



గ్రంథాలయమునకు వచ్చు పుస్తకములలో ఒక తరగతి పుస్తకము చదువరులను మిక్కిలి కలవరపెట్టును. అది అపరాధ పరిశోధక నవల కాదు. నవలలోని హంతకుడు చివరి పుటలో దొరకును. పాఠకుడు పుస్తకము మూసి హాయిగా నిద్రపోవును. తన ఊరి పొలిమేరలో, తన తాతల కాలమున, నిజముగా జరిగిన హత్యను చెప్పు పుస్తకము అంత సులువుగా మూతపడదు. అందులో కనబడు ఇంటిపేర్లు గలవారు ఇప్పటికిని అదే వీధిలో కాపురముందురు.

అట్టి పుస్తకము ఊరికి వచ్చినప్పుడు చదువరులు మూడు విధములుగా పలుకుట పరిపాటి. ఒకడు “ఎట్లు చంపిరి?” అని ఆత్రపడును. వేరొకడు “మానిన పుండును గెలుకుట ఎందులకు? దీనిని బీరువాలో పెట్టి తాళము వేయుడు” అనును. ఇంకొకడు తన వంశమువారి పేరు ఏ పక్షమున వ్రాయబడినదో వెదకి, సంతోషించుటయో కోపించుటయో చేయును. ఈ మూడును మనుష్య సహజములే. కాని చనిపోయినవాడు ఎవడు, అతని ఇల్లు ఏమైనది అను ప్రశ్న మూడింటిలోను లేదు.

ఈ లోపము కొత్తది కాదు. 1757 జనవరి 24న బుస్సీ నడిపిన ఫ్రెంచి సేనయు, పూసపాటి విజయరామరాజు బలగమును బొబ్బిలి కోటపై బడినవి. కోట దక్కదని తెలిసిన పిమ్మట లోపలివారు తమ స్త్రీలను, బిడ్డలను తామే చంపుకొనిరి. కొలది దినములకే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారము చొచ్చి విజయరామరాజును చంపెను. రాబర్ట్ ఓర్మ్ అను ఆంగ్ల చరిత్రకారుడు 1778లో ప్రకటించిన సంపుటములో ఈ వృత్తాంతము కెక్కినది. అది జంగము కథయై, బుఱ్ఱకథయై ఊరూర తిరిగినది, 1964లో చలనచిత్రమైనది. బొబ్బిలి పక్షమున వినువానికి పాపారాయుని చేత వీరకృత్యము. విజయనగరము పక్షమున వినువానికి గుడారములో జరిగిన హత్య. ఏండ్లు 260 దాటినను ఈ వాదము తీరలేదు. ఆ సందడిలో రాణి మల్లమ్మ పేరు తప్ప, కోటలో మడిసిన తక్కిన తల్లుల పేర్లు, బిడ్డల పేర్లు అడుగువారు అరుదు.

మందసా సంగతి చూడుడు. 1940 మార్చిలో పలాసలో కిసాన్ సభ మహాసభ జరిగెను. పిమ్మట జమీందారీ అడవిలో కలప కొట్టిన రైతులను నిర్బంధించుటకు పోలీసులు గుడారి రాజమణిపురమునకు వచ్చిరి. గ్రామస్థులు దారికి అడ్డు నిలిచిరి. ఏప్రిల్ 1న జరిగిన కాల్పులలో గర్భవతియైన సాసుమాను గున్నమ్మయు, మరికొందరు రైతులును ప్రాణములు విడిచిరి. ఎనిమిదేండ్లకు, 1948లో, జమీందారీల రద్దు శాసనము వచ్చినది. గున్నమ్మను వీరవనితగా తలచుట న్యాయమే. కాని ఆమెతో కూలినవారి పేర్లు వరుసగా చెప్పగలవారు ఎందరు?

మూడవది లేవిడి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘ మహాసభ జరుగు సమయమున, లేవిడి వద్ద కోరన్న, మంగన్న అను ఇద్దరు గిరిజనులు చంపబడిరి. 1968లో న్యాయస్థానము నిందితులను విడుదల చేసెను. శ్రీకాకుళ సాయుధ పోరాటమును గూర్చిన గ్రంథములలో ఈ ఇద్దరి పేర్లు తరచుగా ఒక్క వాక్యములో ముగియును. తరువాతి కథ కొరకే వారు చనిపోయినట్లు పాఠకుడు పుట త్రిప్పును. నిందితులు విడుదలయినంత మాత్రమున చంపబడినవారు తిరిగి లేచిరాలేదు. నేరము ఎవరిదని తేల్చుట న్యాయస్థానపు పని. ఇద్దరు మనుష్యులు ఇంటికి తిరిగి రాలేదని గుర్తుంచుకొనుట ఊరి పని.

“మరచిపోయిన హత్య” అను మాటను కొంచెము విచారించవలెను. మరచినది ఊరు, ఆ ఇల్లు మరువలేదు. పుండు మానినదని పలుకువాడు సాధారణముగా పుండు పడినవాడు కాడు. కావున పుస్తకమునకు తాళము వేయుట శాంతి కాదు. అట్లని హంతకుని మనుమని వేలెత్తి చూపుటకు దానిని సాధనముగా చేయుటయు ధర్మము కాదు. తాత చేసిన పనికి మనుమడు ముద్దాయి కాడు.

అట్టి గ్రంథమును చేతబట్టినప్పుడు పాఠకుడు కొన్ని వేరుపాటులు గుర్తింపవలెను. కంటితో చూచినవాని మాట వేరు; విన్నవాని మాట వేరు. శవపంచనామా గాయములను చెప్పును గాని, కారణమును పూర్తిగా చెప్పదు. తీర్పు, సాక్ష్యము చాలినదో చాలలేదో చెప్పును. పాట దుఃఖమును దాచి తెచ్చును గాని తేదీలను తారుమారు చేయవచ్చును. వీనిలో ఏ ఒక్కటియు తక్కినవానికి బదులు కాజాలదు.

గ్రంథాలయము చేయదగిన పనియు కలదు. ఇరుపక్షముల గ్రంథములను ఒకే అరలో ఉంచవలెను. పుస్తకములోని పొరపాటును చూపదలచిన వృద్ధులకు చదువు రాకున్నచో, వారు చెప్పినది ఒక యువకుడు వ్రాసి, చెప్పినవారి పేరు, తేదీ చేర్చి భద్రపరుపవలెను. శ్రీకాకుళములో కాళీపట్నము రామారావు 1997లో స్థాపించిన కథానిలయము పాత పత్రికలను సైతము సేకరించి కథలను కాపాడినది. కల్పిత కథలకే అంత శ్రద్ధ తగినప్పుడు, నిజముగా నేలకొరిగినవారి వృత్తాంతమునకు ఒక దస్త్రమైనను తగదా?

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము వచ్చు సంవత్సరమున అట్టి దస్త్రము నొకదానిని తెరచుగాక. దాని మొదటి పుటలో హంతకుల పేర్లకు ముందు మృతుల పేర్లు వ్రాయబడుగాక. పేరు తెలియనిచోట ఖాళీ విడిచి, తెలిసిన వారిని అడుగుదురుగాక.