ప్రేగువ్యాధి – ఒక తెలుగువాని శోధన



పొట్టచేతబట్టుకొని ఖరగ్‌పూరు చేరిన మన పెద్దలవలెనే, సుబ్బారావుగారును ఊరు విడిచి దూరమేగిరి. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులను స్ప్రూ అను ప్రేగువ్యాధి బలిగొనెను. ఈ వ్యాధిలో చిన్నప్రేగు లోపొర క్షీణించును, తిన్నది ఒంటబట్టదు, విరేచనములు, రక్తహీనత కలుగును.

అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అది స్ప్రూ రోగులకు ఔషధమయ్యెను. కణములు వృద్ధిచెందుటకు ఆ ఆమ్లము ఆవశ్యకము. మరి దానిని అడ్డగించినచో కేన్సరు కణము నిలువదా? ఆ ప్రశ్ననుండియే అమినాప్టెరిన్ పుట్టెను. దానివలన రక్తకేన్సరు సోకిన పిల్లలకు తాత్కాలికముగానైనను ఉపశమనము కలిగినట్లు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించిరి. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి.

మిత్రులారా! ఎడతెగని విరేచనములను, అకారణముగా చిక్కిపోవుటను ఉపేక్షింపక వైద్యపరీక్ష చేయించుకొనుడు. ఆయనకు మనము చెల్లింపగల కృతజ్ఞత అదియే.