రెండు కుండలు, ఒక వేడి లెక్క



ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పెద్దవూరలో బస్సు దిగి ఇల్లు చేరినవాళ్ల కళ్లు ముందు వెతికేది రంజన్‌ను, అంటే మట్టి నీళ్లకుండను. ఈసారి గ్లాసు ముంచే ముందు దాని పొట్ట మీద అరచెయ్యి ఆనించి చూడండి. చెయ్యి తడి అవుతుంది. లోపలి నీళ్లే మట్టిలోని సన్నని రంధ్రాల గుండా పైకి ఊరి వస్తాయి. చలవంతా ఆ తడి పుణ్యమే.

నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. పొయ్యి మీద గిన్నెకు మంట ఇస్తుంది. రంజన్‌కు మంట లేదు కదా! అందుకే ఆ తడి, కుండలోంచి, నీళ్లలోంచి వేడిని తీసుకుని ఎగిరిపోతుంది. ఒక గ్రాము నీరు ఆవిరైతే దాదాపు 580 కేలరీలు పట్టుకుపోతుంది. దీన్నే గుప్తోష్ణం అంటారు. గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లార్చడానికి తీయాల్సింది ఒక్క కేలరీయే. అంటే 10 లీటర్ల నీళ్లు 10 డిగ్రీలు చల్లబడడానికి సుమారు 170 మిల్లీలీటర్లు ఆవిరైతే సరిపోవాలి. బయటి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే ఖర్చవుతుంది. శక్తి పుట్టదు, నశించదు, చోటో రూపమో మారుతుంది. ఉష్ణగతిక శాస్త్రంలో మొదటి నియమం ఇదే.

ఈ సెలవుల్లో పిల్లలతో ఒక పని చేయించండి. ఒకదాంట్లో ఒకటి పట్టే రెండు మట్టికుండలు తీసుకోండి. రంగు వేసినవి వద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి. పెద్దకుండ అడుగున ఇసుక పోసి, చిన్నదాన్ని అందులో కూర్చోబెట్టి, చుట్టూ రెండు మూడు వేళ్ల సందులో ఇసుక నింపండి. ఇసుకను బాగా తడిపి, చిన్నకుండలో టమాటలో వంకాయలో పెట్టి, తడిగుడ్డ కప్పండి. నీడలో, గాలి ఆడే చోట పీట మీద పెట్టి, పొద్దున సాయంత్రం ఇసుకకు నీళ్లు పొయ్యండి.

నైజీరియాలో మొహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు 1990లలో ఇలాంటి జంటకుండలనే కరెంటు లేని పల్లెలకు అందించారు. మూడు రోజుల్లో వాడిపోయే వంకాయలు వాటిలో 27 రోజులు నిలిచాయని ఆయన ప్రయోగాల్లో తేలింది. 2000లో ఆయనకు రోలెక్స్ పురస్కారం వచ్చింది. మన దగ్గర ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ ఇదే సూత్రంతో ఇటుకలు, ఇసుకతో కరెంటు అక్కర్లేని చల్లని గదిని తయారుచేసింది.

పక్కనే ఇంకో ప్రయోగం పెట్టించండి. ఒకే తీరు కుండలు రెండు, ఒకే కొలత నీళ్లు. ఒకదానికి చుట్టూ పాలిథీన్ కవరు బిగించి కట్టండి. సాయంత్రం రెండింట్లో వేలు ముంచితే తేడా తెలిసిపోతుంది. కవరు చుట్టిన కుండలో ఆవిరికి దారి లేదు, అందుకే నీళ్లు చల్లబడవు.

మరి, వేడి తనంతట తాను చల్లని చోటి నుంచి వెచ్చని చోటికి పోదని రెండో నియమం చెబుతుంది కదా, చల్లని కుండలోంచి వడగాలిలోకి ఎలా పోతోంది? పొడిగాలికి ఉన్న దాహం వల్ల. ఆ దాహం తీరేదాకే ఈ పని నడుస్తుంది. 42 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 20 శాతమే ఉంటే, తడి ఆరడం వల్ల కుండ వేడి సుమారు 24 డిగ్రీల దాకా దిగగలదు. అంతకంటే కిందికి పోదు. వానలు మొదలై ఉక్కపోస్తే కుండ అంతగా చల్లబడదు. అందుకే పాలు, మాంసం దాచడానికి ఇది ఫ్రిజ్‌కు బదులు కాదు. కూరగాయలకు, ఆకుకూరలకు సరిపోతుంది.

అమ్మా, అయ్యా, మన ఒళ్లూ ఒక కుండే. చెమట ఆరితేనే ఒంటి వేడి దిగుతుంది. ఉక్కలో చెమట కారుతుందే గాని ఆరదు. అందుకే ఎండ తక్కువనిపించే రోజున కూడా వడదెబ్బ తగులుతుంది. ఎవరైనా సోలి పడిపోతే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, గట్టిగా విసరండి. తడి ఒక్కటే చాలదు, అది ఆరాలి. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పొయ్యకండి. కుండ దగ్గర ఈ లెక్క నేర్చిన పిల్ల, ఆ వేళ విసనకర్ర ఎందుకు అందుకోవాలో ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంటుంది.