టీమ్ ఊరు మారితే ఫ్యాన్ ఎక్కడికి పోవాలి?

లాస్ట్ వీడియోలో నేను తెలుగు టైటాన్స్ టీషర్ట్ వేసుకుని కూర్చున్నా కదా. మాట్లాడిన టాపిక్ వదిలేసి సగం మంది టీషర్ట్ మీద పడ్డారు. "అన్నా, ఇంకా ఆ టీమ్‌నే పట్టుకుని వేలాడుతున్నావా?" అని. సరే, ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు లెక్క చెప్తా. బీటెక్ చేశాం కాబట్టి లెక్క లేకపోతే నిద్ర పట్టదు. ప్రో కబడ్డీ 8వ సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచ్‌లు ఆడితే గెలిచింది ఒక్కటి. తర్వాత సీజన్ 22కి 2. ఆ తర్వాత పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టి కొన్నారు. అప్పటికి లీగ్‌లో అదే రికార్డు రేటు. ఆ సీజన్‌లో ఎన్ని గెలిచాం? మళ్ళీ 2. మూడు సీజన్లు కలిపితే 66 మ్యాచ్‌లు, 5 గెలుపులు. నేను జాబ్ చేసే రోజుల్లో ఇలాంటి సక్సెస్ రేటుతో అప్రైజల్ మీటింగ్‌కి వెళ్తే, మా మేనేజర్ కాఫీ కూడా ఆఫర్ చేసేవాడు కాదు.

మరి ఎందుకు చూస్తున్నానంటే, అది కబడ్డీ కాబట్టి. మా తాతయ్య వాళ్ళ ఊళ్ళో సంక్రాంతికి చెడుగుడు పోటీలు పెట్టేవాళ్ళు. ముగ్గుతో గీతలు గీసి, రెండు పెద్ద లైట్లు కట్టి, అర్ధరాత్రి దాకా ఆడేవాళ్ళు. 2014లో ఈ లీగ్ మొదలైనప్పుడు తాతయ్య టీవీ ముందు కూర్చుని, "ఇదేంట్రా, చాప మీద చెడుగుడా!" అని నవ్వాడు. పది నిమిషాలయ్యాక రిమోట్ ఎవరికీ ఇవ్వలేదు. రాహుల్ చౌదరి రైడ్‌కి వెళ్తే ఇంట్లో ఎవ్వరం మాట్లాడకూడదు. అతను హర్యానాయా, యూపీయా, మాకేం పట్టింది? జెర్సీ మీద తెలుగు అని ఉంది, చాలు.

ఇక్కడే నాకు ఒక డౌట్. జెర్సీ మీద పేరు మనది, మరి టీమ్ ఎవరిది?

దీనికి హైదరాబాద్ వాళ్ళకి తెలిసినంత జవాబు ఇంకెవరికీ తెలియదు అనుకుంటా. డెక్కన్ చార్జర్స్ గుర్తుందా? 2008లో ఆఖరి స్థానం. 2009లో ఎలక్షన్ల వల్ల ఐపీఎల్ సౌతాఫ్రికాకి వెళ్ళింది. గిల్‌క్రిస్ట్ కెప్టెన్, సైమండ్స్, గిబ్స్, కుర్ర రోహిత్ శర్మ, మన ఓఝా. జొహన్నెస్‌బర్గ్ ఫైనల్లో బెంగళూరు మీద 6 పరుగులతో గెలిచాం. నాకప్పుడు పన్నెండేళ్ళు. మరుసటి రోజు గల్లీలో ఆడిన ప్రతి పిల్లాడూ గిల్‌క్రిస్టే, కీపింగ్ మాత్రం ఎవడూ చేయడు. మూడేళ్ళు తిరిగేసరికి, 2012లో బోర్డు ఆ ఫ్రాంచైజీనే రద్దు చేసింది. కప్పు గెలిచిన టీమ్ రా బాబూ, ఉన్నట్టుండి లేదు!

దాని ప్లేస్‌లో సన్‌రైజర్స్ వచ్చింది. ఓనర్లు సన్ టీవీ వాళ్ళు. అంటే మన జెమినీ టీవీ గ్రూపే. చిన్నప్పుడు ఆదివారం రాత్రి 'అమృతం' చూపించిన ఛానల్ వాళ్ళే పెద్దయ్యాక మనకి క్రికెట్ టీమ్ కూడా ఇచ్చారన్నమాట. అమృతం టాపిక్ వచ్చింది కాబట్టి కాసేపు అక్కడే ఆగుదాం. నాకు ఇది ఇష్టమైన సబ్జెక్ట్, ఏమనుకోకండి.

2001 నుంచి 2007 దాకా వచ్చిన సీరియల్ అది. గుణ్ణం గంగరాజు గారిది. మీలో చాలామంది యూట్యూబ్‌లోనే చూసుంటారు. అందులో విచిత్రం ఏంటంటే, అమృతరావు వేషం ఒక్కరు వేయలేదు. శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్, ఇలా మారుతూ వచ్చారు. అసలు హీరోనే మారిపోతుంటే ఎవరైనా టీవీ కట్టేయాలి కదా? కట్టేయలేదు. ఎందుకంటే ఆంజనేయులుగా గుండు హనుమంతరావు గారు ఉన్నారు, సర్వం ఉన్నాడు, అద్దె కోసం అప్పాజీ వస్తాడు, అమృత విలాస్‌లో ఇడ్లీ తినలేక కస్టమర్ ఏడుస్తాడు. మనకి కావాల్సింది ఆ హోటలు, ఆ ఇద్దరు పార్టనర్ల కక్కుర్తి. 2018లో హనుమంతరావు గారు పోయినప్పుడు మా పాత కాలేజీ వాట్సాప్ గ్రూప్‌లో ఒక్కడు కూడా "ఆర్ఐపీ" అని రాయలేదు. అందరూ తలా ఒక సీన్ పెట్టారు. పొద్దున పదింటికి మొదలై రాత్రి దాకా నడిచింది.

కామెడీ ఫ్యాన్‌కి ఉన్న సుఖం అదే. ఎదుటి టీమ్ ఉండదు. 'జబర్దస్త్' వచ్చాక అందులో కూడా టీమ్‌లు, టీమ్ లీడర్లు, జడ్జిల మార్కులు వచ్చాయి అనుకోండి. ఇంటర్‌లో మా హాస్టల్లో గురువారం రాత్రి అది మొదలైతే వార్డెన్ కూడా తలుపు దగ్గర నిలబడి చూసేవాడు. ఇప్పుడు వెనక్కి వెళ్ళి చూస్తే లావుగా ఉన్నవాళ్ళ మీద, ఆడవాళ్ళ మీద వేసిన జోకులు కొన్ని నాకు అస్సలు నచ్చట్లేదు. అయినా గెటప్ శ్రీను కనిపిస్తే వేలు ఆగిపోతుంది, స్క్రోల్ అవ్వదు.

సరే, వార్నర్ దగ్గరికి వద్దాం. 2016లో మనకి కప్పు తెచ్చాడు, బెంగళూరులో, బెంగళూరు మీద. లాక్‌డౌన్‌లో మన పాటలకి డ్యాన్సులు వేశాడు. తెలుగువాడైపోయాడు అనుకున్నాం. 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేశారు, తర్వాత టీమ్‌లో కూడా పెట్టలేదు. 2022 మేలో ఢిల్లీ తరఫున వచ్చి మన మీదే 92 నాటౌట్ కొట్టాడు. కొండాపూర్ పీజీలో ఆరుగురం చూస్తున్నాం. అతను ఫోర్ కొట్టిన ప్రతిసారీ ముగ్గురు చప్పట్లు, ముగ్గురు బూతులు. ఇంటర్వెల్‌కి పార్టీలు మారాయి కూడా. ఆ రోజు ఎవరు కరెక్టో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

అదే ఏడాది మార్చిలో ఇంకోటి జరిగింది, చాలామంది చూడలేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ ఫుట్‌బాల్ కప్పు గెలిచింది. గోవాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీద 1-1, పెనాల్టీలకి వెళ్ళింది. కట్టిమణి మూడు ఆపాడు. మూడు! ఇది ఫుట్‌బాల్ ఊరండీ. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాని నాలుగో స్థానానికి, 1962 ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్‌కి తీసుకెళ్ళిన కోచ్ రహీం సాబ్ హైదరాబాదీ. ఆయన కథని హిందీ వాళ్ళు 'మైదాన్' అని తీస్తే మనం ఓటీటీలో చూశాం. మరి ఆ హైదరాబాద్ ఎఫ్‌సీ ఏమైంది? డబ్బు ఇబ్బందులు, ప్లేయర్లు వెళ్ళిపోయారు, 2023-24లో ఆఖరి స్థానం. 2025లో క్లబ్బే ఢిల్లీకి వెళ్ళిపోయింది. గచ్చిబౌలి స్టేడియంలో డప్పులు కొట్టిన కుర్రాళ్ళు కొందరు నాకు తెలుసు. వాళ్ళ దగ్గర పసుపు రంగు జెర్సీలున్నాయి, డప్పులున్నాయి. టీమ్ లేదు. వాళ్ళని ఎవరైనా ఒక్క మాట అడిగారా? ఫ్రాంచైజీ కొన్నవాడికి పేపర్ ఉంటుంది, ఫ్యాన్‌కి ఏ పేపరూ ఉండదు.

సినిమా హీరోల విషయంలో ఈ బాధ లేదు. హీరోని ఢిల్లీకి అమ్మలేరు. కానీ అక్కడ ఖర్చు వేరే రకం. 2024 డిసెంబర్ 4 రాత్రి, సంధ్య థియేటర్, 'పుష్ప 2' ప్రీమియర్. తొక్కిసలాటలో ఒక అమ్మ చనిపోయింది, వాళ్ళ బాబు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. వాళ్ళు టికెట్ కొనుక్కుని సినిమాకి వచ్చిన కుటుంబం, అంతే. తర్వాత వారం రోజులు ఆన్‌లైన్‌లో ఫ్యాన్స్ కొట్టుకుంది మాత్రం తప్పు ఏ హీరో ఫ్యాన్స్‌ది అని. గేటు దగ్గర ఎంతమందిని లోపలికి వదలాలి, బయటికి దారి ఎటు, ఈ ప్రశ్నలు అడిగినవాళ్ళు తక్కువ. ఫస్ట్ డే షోకి వెళ్ళే మనమే అది అడగాలి. పేపర్లు చింపి గాల్లోకి వేయడం నాకూ ఇష్టమే. పక్కన ఎగ్జిట్ ఎక్కడుందో చూసుకున్నాకే వేస్తున్నా ఇప్పుడు. చిన్నపిల్లలతో వస్తున్న వాళ్ళు కనిపిస్తే మాత్రం, "బాల్కనీకి వెళ్ళండక్కా, లేదంటే రేపు రండి" అని చెప్తున్నా. తిట్టుకుంటారు, పర్లేదు.

టైటాన్స్ సంగతికొస్తే, ఆ తర్వాత సీజన్లలో కాస్త కోలుకున్నారు, మొహం ఎత్తుకుని తిరుగుతున్నా. మీలో డెక్కన్ చార్జర్స్ జెర్సీ ఇంకా ఇంట్లో దాచుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే కింద ఫోటో పెట్టండి. వైజాగ్‌లో ఈసారి మ్యాచ్‌లు పడితే ఇక్కడి నుంచి ఓ పదిమందిమి ట్రైన్‌లో వెళ్దాం అనుకుంటున్నాం. డప్పు మాత్రం కావాలి. ఆ గచ్చిబౌలి కుర్రాళ్ళని అడిగాను, ఇస్తామన్నారు.