పన్ను తగ్గింపు ఎవరికి మేలు?



పన్ను తగ్గిందంటే సంతోషమే. కాని ఎవరికి తగ్గిందో చూడాలి. 2019 సెప్టెంబరులో, మినహాయింపులు వదులుకునే కంపెనీలకు పన్ను మూల రేటు 30 నుంచి 22 శాతానికి దిగింది. ఇతర రాయితీలతో కలిపి ఏటా 1.45 లక్షల కోట్ల రాబడి తగ్గుతుందని ప్రభుత్వమే లెక్క చెప్పింది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ ఇబ్బందుల వల్ల కేంద్ర పెన్షనర్ల కరువు భృతి మూడు వాయిదాలు ఆపారు. ఆ 18 నెలల బకాయి ఇవ్వడం సాధ్యం కాదని తర్వాత పార్లమెంటుకు తెలిపారు. మొదటిదే రెండవదానికి కారణమని నేననను. ఖజానా సన్నబడితే కోత మన దాకా వస్తుందని మాత్రం తెలిసింది.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై 18 శాతం జి.ఎస్.టి. తీసివేశారు. ఆదాయపు పన్ను కట్టేంత పెన్షను లేనివారికీ అందే తగ్గింపు ఇది. ఇకమీదట మనం అడిగేవి ఇటువంటివే కావాలని మనవి.