మా సోలాపూర్ రూమ్మేటు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేత పని కష్టనష్టాల గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఈ సభలో ఉన్నారు. నేను మా రూమ్మేటు గురించి నాలుగు మాటలు చెప్తా. మాది సిరిసిల్ల. వాడిది మీ సోలాపూరే, సాఖర్ పేట. 1970ల చివర హైదరాబాదులో ఒక కాలేజీ హాస్టల్లో మూడేండ్లు ఒకే గదిలో ఉన్నం. పేరు చెప్పను. చెప్తే రేపు పొద్దుగాల ఫోన్ చేసి తిడతడు.

మొదటి రాత్రి వాడికి నిద్ర పట్టలేదు. ఏమైందిరా అంటే, "ఇక్కడ చప్పుడే లేదురా, ఎట్ల పండుకుంటరు?" అన్నడు. సాంచాలు నడుస్తుంటే గాఢంగా నిద్రపోయి, కరెంటు పోయి అవి ఆగంగనే లేచి కూర్చునే రకం. నేనూ సాంచాల ఇంటి పిల్లగాణ్ణే. ఆ చప్పుడు తప్పించుకుందామనే హాస్టల్‌కు వచ్చిన! మా గది ఫ్యాను టకటకా కొట్టుకునేది. బాగుచేసే మనిషి వస్తే వీడు గుమ్మంలోనే దండం పెట్టి వాపస్ పంపిండు.

ఇంటి నుంచి వస్తే కడక్ భాకరీలు, శేంగా చట్నీ తెచ్చేవాడు. ఆ భాకరీ విరిస్తే పక్కగదివాళ్ళకు వినపడేది. విన్నవాళ్ళంతా వచ్చేవాళ్ళు. నెల రోజులకు తెచ్చింది రెండు రోజుల్లో ఖతం.

ఇగ వాడి చద్దరు. 2005-06లో జీఐ గుర్తింపు వచ్చిన సోలాపూర్ చద్దరే. డిజైను రెండు దిక్కులా ఉంటది, రంగులు మాత్రం తారుమారు. "ఒక దిక్కు మాసితే ఇంకో దిక్కు కప్పుకోవాలె, అందుకే మా పెద్దలు అట్ల నేసిన్రు" అని వాడి సిద్ధాంతం. ఉతకడం మాట ఎత్తితే నేతకే అవమానం అనేవాడు.

నారళీ పున్నమికి మార్కండేయుని రథం కదిలే రోజు కాలేజీలో ఏ పరీక్ష ఉన్నా వాడు సోలాపూర్‌లోనే. "పరీక్ష మళ్ళీ పెడతరు. రథం మళ్ళీ ఏడాదికే" అనేవాడు.

వాడు ఇంటికి ఉత్తరం రాస్తుంటే చూసిన. అక్షరాలన్నీ మరాఠీవి. చదివి వినిపించమన్న. "అవ్వా, నేను మంచిగున్న. నువ్వు రంది పడకు" అని చదివిండు. లిపి మరాఠీ, మాట మా అవ్వ మాట! 1877లో జూనీ మిల్లు మొదలైనంక, అటు ముందూ తర్వాతా, మన తెలంగాణ ఊర్ల నుంచి బతుకుదెరువుకు వచ్చిన కుటుంబాలు మీవి. తెలుగు బడి దొరకనోళ్ళకు కూడా మాట పోలేదు. మగ్గం దగ్గర, బీడీలు చుట్టే ఆడవాళ్ళ ముచ్చట్లలో నిలబడ్డది.

మొన్న వాడి మనుమరాలు పుణె నుంచి ఫోన్ చేసింది. "తాతా, మంచిగున్నవా?" అన్నది. రెండో మాటకే మరాఠీలోకి పోయింది. వాడు ఫోన్ తీసుకొని, "దానికి అర్థమైతదిరా, మాట్లాడబోతే సిగ్గుపడ్తది" అన్నడు. ఎప్పుడూ నవ్వే మనిషి గొంతులో నవ్వు లేదు.

మరాఠీ మీకు అన్నం పెట్టిన భాష, దాన్ని తక్కువ చెయ్యొద్దు. మన చద్దరు లెక్కనే రెండు దిక్కులా డిజైను ఉండాలె. ఇంట్లో పిల్లలతో తెలుగులో మాట్లాడండి. వాళ్ళు తప్పు మాట్లాడితే నవ్వకండి. నవ్వితేనే సిగ్గు మొదలైతది. ట్రంకు పెట్టెల్లో అవ్వలకు, అయ్యలకు రాసిన పాత ఉత్తరాలు ఉంటే ఫోటో తీసి సమాఖ్యకు పంపండి. వచ్చే ఏడు ఈ డిజిటల్ సంచికలో వాటికి నాలుగు పేజీలు ఇవ్వమని సంపాదకులను వేడుకుంటున్న. ఏ లిపిలో ఉన్నా ఫర్వాలేదు, మాట మనదైతే చాలు.

జై మార్కండేయ!